పగులు పెరుగుదల పరీక్షలో లోడ్ కొలవడం: ఊగే కాంటా మీద సరైన తూకం

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో ఒకసారి వెళ్లి కాంటా దగ్గర నిలబడండి. హమాలీ బస్తాను దబ్బున వేయగానే అంకె పైకి ఎగురుతుంది, దిగుతుంది, రెండు మూడు సార్లు ఊగి ఒకచోట ఆగుతుంది. ఆగాకే చీటీ రాస్తారు. ఎగిరినప్పటి అంకె రాస్తే కొనేవాడు ఒప్పుకోడు, దిగినప్పటి అంకె రాస్తే రైతు ఒప్పుకోడు. ఆ ఎలక్ట్రానిక్ కాంటా పలక కింద ఉండేది లోడ్ సెల్. మన ల్యాబ్‌లో లోహపు ముక్కను మళ్లీ మళ్లీ లాగి వదులుతూ పగులు పెంచే ఫెటీగ్ మెషీన్‌కు బిగించి ఉండేదీ అదే జాతి. తేడా ఎక్కడంటే, మన బస్తా ఎప్పటికీ ఆగదు. సెకనుకు 10 సార్లో 20 సార్లో ఎగురుతూనే ఉంటుంది. ఆ ఎగిరే అంకెనే మనం చీటీ మీద రాయాలి.

వరంగల్, హన్మకొండ కాలేజీల్లో ఎంటెక్, పీహెచ్‌డీ కోసం పగులు పెరుగుదల పరీక్షలు మొదలుపెట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పగులు పొడవు ఎలా కొలవాలో అందరూ అడుగుతారు. కెమెరా పెట్టాలా, పగులు నోరు ఎంత తెరుచుకుందో చెప్పే క్లిప్ గేజ్ పెట్టాలా, కరెంటు పంపి పొటెన్షియల్ డ్రాప్ చూడాలా అని గంటలు గంటలు చర్చ. లోడ్ గురించి మాత్రం ఎవరూ అడగరు. తెర మీద అంకె వస్తోంది కదా, ఇంకేం కావాలి అనుకుంటారు. ఆ అంకె లోడ్ సెల్ దగ్గరి లోడ్. పగులు ఉన్న ముక్కకు, అంటే స్పెసిమెన్‌కు, చేరే లోడ్ అదే కావాలని లేదు. మధ్యలో గ్రిప్పు బరువు, కేబుల్, ఫిల్టర్, కంప్యూటర్ తలా కొంత తరుగు తీస్తాయి. వడ్ల కాంటా దగ్గర తరుగు అంటే మనకు ఎంత ఒళ్లు మండుతుందో తెలిసిందే. ఇక్కడ మాత్రం తరుగు తీసినట్టు కూడా తెలియదు.

ఎంత తేడా వస్తే ఎంత నష్టమో ముందు చూద్దాం. పగులు కొన దగ్గరి తీవ్రతను కె అంటాం. ఒకసారి లాగి వదలడాన్ని సైకిల్ అంటాం. ఒక సైకిల్లో అది మారే మొత్తం డెల్టా కె. ఇది లోడ్ మార్పుకు నేరుగా అనుపాతం. 1963లో పాల్ పారిస్, ఫజిల్ ఎర్డోగన్ రాసిన సూత్రం ప్రకారం సైకిల్‌కు పగులు పెరిగే పొడవు, డెల్టా కెను ఎమ్ అనే ఘాతానికి పెంచిన విలువకు అనుపాతంగా ఉంటుంది. ఉక్కుకు ఈ ఎమ్ 3కు అటూ ఇటూగా ఉంటుంది. అంటే లోడ్‌లో 2 శాతం తప్పు, పెరుగుదల రేటులో దాదాపు 6 శాతం తప్పు అవుతుంది. పగులు కదలడం మానేసే అంచు దగ్గర, అదే థ్రెషోల్డ్ దగ్గర, పెరుగుదల రేటును డెల్టా కెతో గీసిన గీత ఇంకా నిటారుగా ఉంటుంది కాబట్టి అక్కడ నష్టం ఇంకా ఎక్కువ.

మొదటి అడుగు: మెషీన్ ముట్టుకునే ముందు కాగితం, పెన్ను

చాలామంది ల్యాబ్‌లో ఉన్న లోడ్ సెల్‌తో మొదలుపెట్టి పరీక్షను దానికి సర్దుతారు. తిరగేసి చేయాలి. ముందు మీకు కావాల్సిన లోడ్ ఎంతో లెక్కకట్టండి.

మామూలుగా వాడే కాంపాక్ట్ టెన్షన్ ముక్కను, అంటే రెండు పిన్‌లతో పట్టి లాగే గాటు పలకను తీసుకుందాం. పిన్ రంధ్రాల గీత నుంచి వెనక అంచు దాకా వెడల్పు 50 మి.మీ., మందం 12.5 మి.మీ. పగులు 20 మి.మీ. ఉన్నప్పుడు, అంటే వెడల్పులో 0.4 వంతు దగ్గర, ముక్క ఆకారం, పగులు పొడవు బట్టి వచ్చే జ్యామితి గుణకం సుమారు 7.28. గరిష్ఠ లోడ్ 5 కిలోన్యూటన్లు, కనిష్ఠం 0.5 అనుకుంటే లోడ్ మార్పు 4.5 కిలోన్యూటన్లు. దీన్ని మందంతో, వెడల్పు వర్గమూలంతో భాగించి గుణకంతో గుణిస్తే డెల్టా కె సుమారు 11.7 మెగాపాస్కల్ రూట్ మీటర్ వస్తుంది. మీటర్లలో, న్యూటన్లలో వేయండి. మిల్లీమీటర్లు కలిపేసి వెయ్యి రెట్లు తప్పు తెచ్చుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు.

ఇప్పుడు పరీక్ష చివర చూడండి. థ్రెషోల్డ్ కోసం డెల్టా కెను తగ్గిస్తూ 5కు తెచ్చారు, అప్పటికి పగులు 30 మి.మీ. అయింది. గుణకం సుమారు 13.65కు పెరిగింది. కాబట్టి కావాల్సిన లోడ్ మార్పు 1.02 కిలోన్యూటన్లే. లోడ్ నిష్పత్తి ఆర్, అంటే కనిష్ఠాన్ని గరిష్ఠంతో భాగిస్తే వచ్చేది, 0.1 కాబట్టి గరిష్ఠం 1.14 కిలోన్యూటన్లు, కనిష్ఠం 114 న్యూటన్లు. ఆ 114 న్యూటన్లను 100 కిలోన్యూటన్ల లోడ్ సెల్‌తో కొలవడమంటే లారీ వేబ్రిడ్జి మీద బంగారం తూచినట్టే. 10 లేదా 25 కిలోన్యూటన్ల సెల్ ఉంటే అది వాడండి. లేకపోతే ఉన్నదానికి ఆ చిన్న లోడ్ల దగ్గర కూడా క్యాలిబ్రేషన్, అంటే ప్రామాణిక కొలతతో పోల్చి చూడటం, చేయించండి. సర్టిఫికెట్‌లో మొదటి పేజీలోని పెద్ద అంకె చూసి సరిపెట్టుకోవద్దు, ఏ లోడ్ నుంచి ఏ లోడ్ దాకా పరీక్షించారో లోపలి పట్టికలో ఉంటుంది. చాలా సర్టిఫికెట్లు సెల్ సామర్థ్యంలో 20 శాతం దగ్గర మొదలవుతాయి. 100 కిలోన్యూటన్ల సెల్‌కు అది 20 కిలోన్యూటన్లు. మీ పరీక్ష మొత్తం దానికి కిందే నడుస్తుంది.

రెండో అడుగు: సెల్ ఎక్కడ ఉంది, గ్రిప్పు ఎంత బరువు

నూనె ఒత్తిడితో నడిచే సర్వో హైడ్రాలిక్ మెషీన్‌లో సెల్ రెండు చోట్ల ఉండొచ్చు. పైన కదలని అడ్డదూలానికి, అంటే క్రాస్‌హెడ్‌కు గానీ, ముక్కను లాగే కదిలే కడ్డీ, అంటే యాక్చుయేటర్ చివర గానీ. మీకు ఎంపిక ఉంటే క్రాస్‌హెడ్‌కే పెట్టండి. కారణం ఆరో అడుగులో తెలుస్తుంది. ఏ చోట ఉన్నా సెల్‌కూ స్పెసిమెన్‌కూ మధ్య ఉన్న క్లెవిస్ (ముక్కను పిన్‌తో పట్టుకునే రెండు చెవుల గ్రిప్పు), అడాప్టర్, పిన్ అన్నీ విప్పినప్పుడు తూచి, మొత్తం ఎన్ని కిలోలో నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత విప్పడం బద్ధకం అవుతుంది.

కాంపాక్ట్ టెన్షన్ క్లెవిస్‌లో పిన్ రంధ్రం అడుగు చదునుగా ఉంటుంది. లోడ్ పడ్డప్పుడు పిన్ స్వేచ్ఛగా దొర్లాలని అలా చేస్తారు. అక్కడ తుప్పు, గీతలు ఉంటే పిన్ ఇరుక్కుంటుంది. అప్పుడు సెల్ సరిగ్గానే చూపుతుంది గానీ మన కె సూత్రం అనుకున్న లోడింగ్ అక్కడ ఉండదు. పిన్‌కు కాస్త గ్రీజు రాయండి. లోడ్ ట్రెయిన్‌లో, అంటే లోడ్ ముక్క దాకా చేరే భాగాల వరసలో, మరలన్నీ బిగుతుగా ఉండాలి. వదులు మర ఉంటే కనిష్ఠ లోడ్ దగ్గర టక్ టక్ మని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వింటూ పరీక్ష నడపకండి.

మూడో అడుగు: తీగలు, కరెంటు

లోడ్ సెల్ లోపల ఏముందో తెలిస్తే దాని రోగాలు తెలుస్తాయి. ఒక ఉక్కు ముద్ద, దానికి అంటించిన స్ట్రెయిన్ గేజులు. ఉక్కు సాగితే గేజు తీగ సాగి నిరోధం కొద్దిగా మారుతుంది. నాలుగు గేజులను వీట్‌స్టోన్ బ్రిడ్జిగా కలుపుతారు. ఈ బ్రిడ్జిని 1833లోనే శామ్యూల్ హంటర్ క్రిస్టీ వివరించాడు, పేరు మాత్రం దాన్ని ప్రచారంలోకి తెచ్చిన వీట్‌స్టోన్‌కు దక్కింది.

సాధారణ సెల్ సున్నితత్వం వోల్టుకు 2 మిల్లీవోల్టులు. ఎక్సైటేషన్, అంటే బ్రిడ్జికి మనం ఇచ్చే కరెంటు, 10 వోల్టులు ఇస్తే, 25 కిలోన్యూటన్ల సెల్ పూర్తి లోడ్ దగ్గర ఇచ్చేది 20 మిల్లీవోల్టులే. మన 5 కిలోన్యూటన్లకు 4 మిల్లీవోల్టులు. థ్రెషోల్డ్ దగ్గరి 114 న్యూటన్లకు మిల్లీవోల్టులో పదో వంతు కూడా ఉండదు. ఇంత చిన్న సిగ్నల్ పక్కనే హైడ్రాలిక్ పంపు మోటారు, ఏసీ, ట్యూబ్‌లైటు చోకు. అందుకే సెల్ కేబుల్‌ను మోటారు కేబుల్‌తో కలిపి ఒకే కట్టగా కట్టొద్దు. కేబుల్ షీల్డ్‌ను ఒకవైపే ఎర్త్ చేయండి. అసలు ల్యాబ్‌లో ఎర్త్ పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చూపించుకోండి.

నా మొదటి పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. అప్పుడు పనిచేసిన ల్యాబ్‌లో, సెల్ అంకె చూసి మెషీన్‌ను నడిపే కంట్రోలర్‌ను పక్క గదిలోకి మార్చారు. కేబుల్ చాలలేదు. బజారు నుంచి నాలుగు తీగల కేబుల్ తెచ్చి నేనే అతికాను. మూడు నెలల తర్వాత పాత ఫలితాలతో పోలిస్తే కొత్త పరీక్షలన్నీ ఒకేవైపు జరిగి ఉన్నాయి. ముక్కల మీద అనుమానం, హీట్ ట్రీట్‌మెంట్ మీద అనుమానం, చివరికి ముక్కలు కోసిన వర్క్‌షాపు అన్నతో గొడవ కూడా. తప్పు నా కేబుల్‌ది. 350 ఓంల బ్రిడ్జికి రానూపోనూ తీగల నిరోధం 3.5 ఓంలు ఉంటే, ఎక్సైటేషన్‌లో దాదాపు 1 శాతం దారిలోనే పోతుంది. సెల్ 1 శాతం తక్కువ చూపుతుంది. కంట్రోలర్ తక్కువైందనుకుని స్పెసిమెన్‌ను 1 శాతం ఎక్కువ లాగుతుంది. ఆ అన్నకు తర్వాత చాయ్ తాగించి సారీ చెప్పాను.

ఆరు తీగల కేబుల్ వాడితే ఈ బాధ ఉండదు. అదనంగా ఉండే రెండు సెన్స్ తీగలు సెల్ దగ్గర నిజంగా ఎన్ని వోల్టులు చేరుతున్నాయో చూసి లెక్క సరిచేస్తాయి. కేబుల్ పొడవు మార్చినా, కనెక్టర్ మార్చినా క్యాలిబ్రేషన్ మళ్లీ చేయాల్సిందే.

షంట్ పరీక్ష ప్రతిరోజూ చేయండి, నిమిషం పని. బ్రిడ్జిలో ఒక చేతికి సమాంతరంగా తెలిసిన నిరోధాన్ని కలిపితే నకిలీ లోడ్ కనిపిస్తుంది. 350 ఓంల బ్రిడ్జికి 87.5 కిలోఓంలు కలిపితే వోల్టుకు సుమారు 1 మిల్లీవోల్టు వస్తుంది. మన 25 కిలోన్యూటన్ల సెల్ మీద 12.5 దగ్గర అంకె కనిపించాలి. క్యాలిబ్రేషన్ అయిన రోజే షంట్ అంకెను రాసి మెషీన్‌కు అతికించండి. తర్వాత ఏ రోజు అది మారినా కేబుల్, యాంప్లిఫయర్, కనెక్టర్లలో ఏదో తేడా వచ్చిందన్నమాట. ఒక్కటి గుర్తుంచుకోండి. సెల్ లోపలి ఉక్కు ఓవర్‌లోడ్‌తో వంగిపోతే షంట్ దాన్ని పట్టదు.

నాలుగో అడుగు: సున్నా

సెల్‌కు, యాంప్లిఫయర్‌కు కరెంటు ఇచ్చి కనీసం అరగంట ఆగండి. మే నెలలో వరంగల్ ఎండ 43 డిగ్రీలు దాటే రోజుల్లో పొద్దున ఏసీ వేసి వెంటనే సున్నా నొక్కితే, గంటలో గది చల్లబడేకొద్దీ ఆ సున్నా జరుగుతుంది. రాత్రంతా నడిచే పరీక్షకు ఏసీ కూడా రాత్రంతా నడవాలి. కరెంటు బిల్లు గురించి హెచ్‌ఓడీ గారితో ఆ సంగతి ముందే మాట్లాడుకోండి.

క్రమం ఇదీ. సెల్‌కు క్లెవిస్ బిగించి, స్పెసిమెన్ తగిలించకుండా సున్నా చేయండి. తర్వాత స్పెసిమెన్‌కు పై పిన్ పెట్టండి, ఆఖరున కింది పిన్. రెండు పిన్‌లూ పెట్టాక సున్నా బటన్ ముట్టుకోవద్దు. అప్పుడు తెర మీద 30 న్యూటన్లు కనిపిస్తే అవి నిజమైన 30 న్యూటన్లు. యాక్చుయేటర్‌ను కదిపి తగ్గించండి, బటన్ నొక్కి దాచొద్దు. హైడ్రాలిక్ గ్రిప్పులు వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. గ్రిప్పు దవడ బిగుసుకునేటప్పుడే ముక్కను నొక్కేస్తుంది.

సున్నా తప్పితే ఏమవుతుందో చాలామందికి సరిగ్గా తెలియదు. లోడ్ మార్పు అంటే గరిష్ఠంలోంచి కనిష్ఠం తీసేయడం కాబట్టి సున్నా తప్పు అందులో కొట్టుకుపోతుంది. పోనిది ఆర్ నిష్పత్తి. పైన చెప్పిన థ్రెషోల్డ్ ఉదాహరణలో సున్నా 50 న్యూటన్లు అటు జరిగితే ఆర్ 0.14 అవుతుంది, ఇటు జరిగితే 0.06 అవుతుంది. థ్రెషోల్డ్ ఆర్ మీద ఆధారపడుతుంది. రిపోర్టులో 0.1 అని రాసి, నిజానికి వేరే పరీక్ష చేసినట్టే.

ఐదో అడుగు: నిలకడ లోడ్‌తో సరిచూడటం

ఏడాదికోసారి ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న క్యాలిబ్రేషన్ ల్యాబ్‌ను పిలిపించండి. వాళ్లు తమ ప్రామాణిక లోడ్ సెల్‌ను మీ మెషీన్‌లో పెట్టి, లోడ్ మెల్లగా పెంచుతూ రెండింటినీ పోలుస్తారు. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఈ4 గానీ, అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 7500 మొదటి భాగం గానీ, మన ఐఎస్ 1828 గానీ అనుసరిస్తారు. మీ పనికి ప్లస్ లేదా మైనస్ 1 శాతంలోపు తేడా ఉండాలి. మెషీన్‌ను చోటు మార్చినా, సెల్ మార్చినా ఏడాది ఆగకుండా మళ్లీ చేయించండి.

మధ్యలో మీరే చేసుకోగలిగిన చిన్న పరీక్ష ఒకటుంది. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 20 కిలోల తూకం రాళ్లు నాలుగైదు తెచ్చి, సెల్ కింద కొక్కెం వేసి ఒక్కొక్కటీ తగిలించండి. తగిలించేటప్పుడూ, తీసేటప్పుడూ అంకెలు రాయండి. మూడుసార్లు చేయండి. థ్రెషోల్డ్ దగ్గర మనకు కావాల్సిన చిన్న లోడ్లు దాదాపు ఈ పరిధిలోనే ఉంటాయి, కాబట్టి ఇది పిల్లల ఆట అనుకోవద్దు.

ఇక్కడ ఒక తిరకాసు. కిలోలను న్యూటన్లలోకి మార్చేటప్పుడు స్కూల్లో నేర్చుకున్న 9.81తో గుణిస్తాం. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ గురుత్వం తగ్గుతుంది. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, సముద్రమట్టానికి రెండున్నర వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. ఇక్కడ లెక్కకట్టిన విలువ 9.78 పైన కొద్దిగా. కాబట్టి 20 కిలోలు ఇక్కడ 196.2 కాదు, సుమారు 195.7 న్యూటన్లు. పావు శాతం తేడా. చిన్నదే, కానీ 1 శాతం లోపల ఉండాలనుకున్నప్పుడు అందులో నాలుగో వంతు ఊరికే ఇచ్చుకోవడం దేనికి?

ఆరో అడుగు: ఊగుతున్నప్పుడు సరిచూడటం

పైన చేసిందంతా బస్తా ఆగాక తూచడం. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఆరు నెలలు పరీక్షలు చేసి కూడా ఈ అడుగు వేయనివాళ్లే ఎక్కువ.

సెల్ యాక్చుయేటర్ చివర ఉందనుకుందాం. దానికీ స్పెసిమెన్‌కూ మధ్య 8 కిలోల గ్రిప్పు. యాక్చుయేటర్ మధ్య నుంచి అటూ ఇటూ 0.1 మి.మీ. కదులుతోంది. ఆ గ్రిప్పును అలా ఊపడానికే కొంత బలం కావాలి. ఎంత? కోణీయ వేగపు వర్గాన్ని కదలికతో, గ్రిప్పు ద్రవ్యరాశితో గుణించాలి. 20 హెర్ట్జ్ దగ్గర 12.6 న్యూటన్లు వస్తుంది. మన లోడ్ ఆంప్లిట్యూడ్, అంటే లోడ్ మార్పులో సగం, 2.25 కిలోన్యూటన్లు కాబట్టి అర శాతం చిల్లర. ఫర్వాలేదు. పరీక్ష త్వరగా అయిపోవాలని 50 హెర్ట్జ్‌కు పెంచారు. ఫ్రీక్వెన్సీ రెండున్నర రెట్లయితే ఈ తప్పు ఆరుంబావు రెట్లు కాదా? 79 న్యూటన్లు. అంటే మూడున్నర శాతం. పెరుగుదల రేటులో పది శాతం పైనే.

ఏ వైపు తప్పో కూడా తెలుసుకోండి. యాక్చుయేటర్ పూర్తిగా లాగిన చోట దాని త్వరణం మళ్లీ స్పెసిమెన్ వైపే ఉంటుంది. అందుకని సెల్ స్పెసిమెన్ మీద ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది. కంట్రోలర్ సెల్ మాట నమ్మి ఇంకా లాగుతుంది. ముక్క మీద మీరనుకున్నదానికంటే ఎక్కువ లోడ్ పడుతుంది.

దీనికంటే మోసకారి సంగతి ఇంకోటి. పగులు పెరిగేకొద్దీ ముక్క మెత్తబడుతుంది, అదే లోడ్‌కు ఎక్కువ సాగుతుంది. కదలిక పెరిగితే గ్రిప్పు ఊపే బలం కూడా పెరుగుతుంది. 20 హెర్ట్జ్ దగ్గరే కదలిక 0.2 మి.మీ. అయితే ఆ తప్పు రెట్టింపై 1 శాతం దాటుతుంది. పరీక్ష మొదట్లో సరిచూసి ఓకే అనుకున్నది చివర్లో తప్పుతుంది. గీత వాలు మారి, ఎమ్ విలువే మారినట్టు కనిపిస్తుంది. మీరు దాన్ని లోహపు గుణం అనుకుని పేపర్ రాస్తారు.

సెల్ క్రాస్‌హెడ్‌కు ఉంటే ఈ తప్పు చాలా తగ్గుతుంది, కానీ సున్నా కాదు. క్రాస్‌హెడ్ కూడా కాస్త ఊగుతుంది. ముఖ్యంగా దాన్ని పైకి ఎత్తి బిగించినప్పుడు, మెషీన్ సహజ ఫ్రీక్వెన్సీకి దగ్గర్లో నడిపినప్పుడు.

సరిచూసే పద్ధతి ఏఎస్‌టీఎం ఈ467లో ఉంది. మన స్థాయికి ఇలా చేయండి. స్పెసిమెన్ లాంటిదే ఇంకో ముక్క తీసుకుని, పగులుకు బదులు రంపంతో లోతైన గాటు కోయించండి. పరీక్ష చివర ఉండే పగులంత లోతు ఉంటే మంచిది, ఎందుకంటే తప్పు అక్కడే ఎక్కువ. వెనక ముఖం మీద స్ట్రెయిన్ గేజు అంటించండి. మెషీన్‌లో పెట్టి లోడ్‌ను మెల్లగా పెంచుతూ, తగ్గిస్తూ సెల్ అంకె, గేజు అంకె పట్టికగా రాయండి. నిలకడ లోడ్ దగ్గర సెల్ నిజం చెబుతుంది కాబట్టి ఇప్పుడు ఆ ముక్కే మీకు కొత్త కాంటా అయింది. దాన్ని 1 హెర్ట్జ్ నుంచి మొదలుపెట్టి 5, 10, 15, 20 దగ్గర నడపండి. ప్రతిచోటా గేజు చెప్పే గరిష్ఠ, కనిష్ఠ లోడ్లను సెల్ చెప్పేవాటితో పోల్చండి. తేడా 1 శాతం దాటిన ఫ్రీక్వెన్సీ మీకు హద్దు. ఆ పట్టికను లామినేట్ చేసి మెషీన్‌కు తగిలించండి. మీ తర్వాత వచ్చే జూనియర్ మీకు దండం పెడతాడు.

తేడా ఎక్కువ వస్తే మూడు దారులు. ఫ్రీక్వెన్సీ తగ్గించడం, తేలికైన గ్రిప్పు చేయించడం, లేదా సెల్ పక్కన యాక్సిలరోమీటర్ పెట్టి గ్రిప్పు ఊపే బలాన్ని కంట్రోలర్‌లోనే తీసేయడం. మూడోది కొత్త కంట్రోలర్లలో ఉంటుంది, కానీ దాన్ని సరిగ్గా ట్యూన్ చేయకపోతే కొత్త తప్పు తెస్తుంది. నేనైతే మొదటిదే చేస్తాను. పరీక్ష రెండు రోజులు ఎక్కువ నడిస్తే నడవనీయండి.

ఏడో అడుగు: కంప్యూటర్‌లోకి ఎక్కించడం

సాఫ్ట్‌వేర్‌లో రెండు లోడ్ అంకెలు కనిపిస్తాయి. మీరు అడిగినది కమాండ్, నిజంగా వచ్చినది ఫీడ్‌బ్యాక్. లెక్కల్లో ఎప్పుడూ ఫీడ్‌బ్యాకే వాడాలి. చూడటానికి కమాండ్ గీత అందంగా ఉంటుంది, అందుకే పిల్లలు దాన్నే థీసిస్‌లో వేస్తారు.

సైన్ వేవ్ శిఖరాన్ని పట్టాలంటే సైకిల్‌కు ఎన్నిసార్లు శాంపిల్ తీయాలి? 10 సార్లే తీస్తే, శిఖరం రెండు శాంపిళ్ల మధ్య పడ్డప్పుడు దాదాపు 5 శాతం పోతుంది. 20కి 1.2 శాతం, 50కి 0.2 శాతం. 100 తీసుకోండి, నిశ్చింత. 20 హెర్ట్జ్ పరీక్షకు సెకనుకు 2000 శాంపిళ్లు. ఈ రోజుల్లో ఏ కార్డైనా చేస్తుంది.

ఫిల్టర్‌తో జాగ్రత్త. గీత నున్నగా రావాలని 100 హెర్ట్జ్ ఫిల్టర్ పెట్టి 20 హెర్ట్జ్ పరీక్ష నడిపితే, సాధారణ ఒక దశ ఫిల్టర్ కూడా ఆంప్లిట్యూడ్‌లో 2 శాతం తినేస్తుంది. కంట్రోలర్ అదే సిగ్నల్‌తో నడుస్తుంటే ఇక్కడా పాత కథే, ముక్క మీద ఎక్కువ లోడ్. ఫిల్టర్ హద్దు పరీక్ష ఫ్రీక్వెన్సీకి కనీసం 10 రెట్లు ఉంచండి. లోడ్‌కూ క్లిప్ గేజుకూ ఒకే ఫిల్టర్ పెట్టండి. వేర్వేరుగా ఉంటే ఒకటి ఆలస్యంగా వస్తుంది, రెండింటినీ కలిపి గీస్తే సన్నటి గీత రావాల్సిన చోట తామరాకులా ఉబ్బిన వలయం వస్తుంది. పగులు ఏ లోడ్ దగ్గర తెరుచుకుంటోందో ఆ గీత వంపు నుంచే చెప్పాలి కాబట్టి, క్లోజర్ (పగులు ముఖాలు మూసుకుపోవడం) చూసేవాళ్లకు ఇది ప్రాణాంతకం.

ఈ గీతతోనే ఒక చవక పరీక్ష ఉంది. ప్రీక్రాకింగ్, అంటే గాటు కొన నుంచి మొదటి పగులు తెప్పించడం, అయ్యాక పగులు పొడవును కళ్లతో కొలిచి, లోడ్ కదలిక గీత వాలు నుంచి ఆ లోహపు యంగ్స్ మాడ్యులస్ లెక్కించండి. తెలిసిన విలువకు 10 శాతం కంటే ఎక్కువ తేడా వస్తే ఎక్కడో అమరిక తప్పింది. సెల్ కావచ్చు, క్లిప్ గేజు కావచ్చు, మందం కొలవడం కావచ్చు. దొంగ ఎవరో చెప్పదు గానీ దొంగతనం జరిగిందని చెబుతుంది.

ఎనిమిదో అడుగు: నడుస్తున్నప్పుడు

పగులు పెరుగుదల పరీక్షల ప్రమాణం ఏఎస్‌టీఎం ఈ647 ప్రకారం గరిష్ఠ లోడ్, లోడ్ మార్పు రెండూ పరీక్ష పొడవునా అనుకున్నదానికి ప్లస్ లేదా మైనస్ 2 శాతంలో ఉండాలి. ముక్క మెత్తబడేకొద్దీ కంట్రోలర్ శిఖరాలు జారుతాయి. ఆంప్లిట్యూడ్ సరిదిద్దే సౌకర్యం ఆన్‌లో ఉంచండి, అయినా పొద్దునా సాయంత్రం ఒకసారి కళ్లతో చూడండి.

లోడ్ తగ్గడం కంటే ఒక్కసారిగా ఎగరడం ప్రమాదం. ఒకే ఒక్క పెద్ద సైకిల్ పడ్డా పగులు కొన ముందు పెద్ద ప్లాస్టిక్ ప్రాంతం ఏర్పడి, ఆ తర్వాత చాలా సైకిళ్ల దాకా పగులు నెమ్మదిస్తుంది. మన దగ్గర ఇది సాధారణంగా కరెంటు పోయి జనరేటర్ మీదికి మారేటప్పుడు జరుగుతుంది. కంట్రోలర్‌కు, కంప్యూటర్‌కు యూపీఎస్ పెట్టండి. కరెంటు రాగానే పంపు దానంతటదే స్టార్ట్ కాకుండా ఇంటర్‌లాక్ ఉంచండి. గరిష్ఠ లోడ్‌కు 5 శాతం పైన లిమిట్ పెట్టి, దాటితే మెషీన్ ఆగేలా చేయండి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఆంప్లిట్యూడ్‌ను సున్నా నుంచి కొన్ని వందల సైకిళ్లలో మెల్లగా పెంచండి. అయినా ఎగిరిందని అనుమానం వస్తే, ఆ చోట పగులు పొడవు రాసుకుని, ఎంత దూరం దాకా రేటు తగ్గిందో చూసి ఆ భాగం డేటా పక్కన పెట్టండి. రేటు తగ్గినా దాచేసి గీత నున్నగా గీసేవాళ్లను చూశాను, వైవాలో ఎక్స్‌టర్నల్ అదే అడుగుతాడు.

థ్రెషోల్డ్ కోసం లోడ్‌ను మెట్లుగా దించేవాళ్లు ఒక్కో మెట్టుకు గరిష్ఠ లోడ్‌ను 10 శాతం కంటే ఎక్కువ దించొద్దు. ప్రతి మెట్టు దగ్గరా పగులు కనీసం అర మిల్లీమీటరు పెరగనివ్వండి. తొందరపడితే వెనకటి పెద్ద లోడ్ నీడ కొత్త మెట్టు మీద పడుతుంది.

తొమ్మిదో అడుగు: ముక్క విరిగాక

విరగగానే అందరూ పగుళ్ల ముఖం చూడటానికి పరుగెత్తుతారు. ఒక్క నిమిషం ఆగండి. ముక్కలు తీసేసి, క్లెవిస్ ఒక్కటే వేలాడుతుండగా తెర మీద లోడ్ ఎంతో రాయండి. మొదట్లో చేసిన సున్నా ఎంత జరిగిందో అదే చెబుతుంది. షంట్ అంకె కూడా మళ్లీ రాయండి. సున్నా కొద్దిగా జరిగి ఉంటే ఆ మేరకు ఆర్ ఎంత మారి ఉంటుందో రిపోర్టులో రాయాలి. బాగా జరిగి ఉంటే, విరిగేటప్పుడు పడ్డ దెబ్బకు సెల్ దెబ్బతిందేమో తూకం రాళ్లతో మళ్లీ చూడాలి.

రిపోర్టులో లోడ్ గురించి ఒకే వాక్యం రాసి వదిలేయకండి. సెల్ సామర్థ్యం, అది ఎక్కడ బిగించి ఉంది, క్యాలిబ్రేషన్ తేదీ, ఏ లోడ్ నుంచి ఏ లోడ్ దాకా, పరీక్ష ఫ్రీక్వెన్సీ, ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర గేజు ముక్కతో వచ్చిన తేడా, ఫిల్టర్, శాంపిల్ రేటు, మొదటి సున్నా, చివరి సున్నా. పది అంకెలు, సగం పేజీ కూడా పట్టదు.